ఎక్స్‌రే కన్నా ముందు ఆ చెయ్యి చూడమ్మా

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నేను మెడిసిన్ చదువుతున్నాను. ఇప్పుడు ఆర్థోపెడిక్స్‌లో నాలుగు వారాల పోస్టింగ్ నడుస్తోంది. మొదటి వారం అయిపోయింది, ఏం నేర్చుకున్నావంటే చెప్పడానికి ఏమీ లేదు. ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో అందరి వెనక నిలబడితే నాకు కనిపించేది ముందున్నవాళ్ళ వీపులే. మొన్న తుంటి ఆపరేషన్ జరుగుతుంటే ఆ సుత్తి చప్పుడికి, రక్తనాళాల్ని కాల్చి మూసే కాటరీ వాసనకి కళ్ళు తిరిగి బయటికి వచ్చేశాను. రౌండ్స్‌లో సార్ ఎక్స్‌రే చేతికిచ్చి చెప్పమన్నారు. ఫ్రాక్చర్ అన్నాను, ఆ తర్వాత నోరు పెగల్లేదు. ఫ్రాక్చర్ల క్లాసిఫికేషన్లు రాత్రంతా బట్టీ పట్టినా పొద్దునకి గుర్తుండట్లేదు. నేను పొట్టిగా, సన్నగా ఉంటాను. ఆర్థోకి కండబలం కావాలి, అమ్మాయిలకి ఎందుకది అని తోటివాళ్ళు అంటున్నారు. నిజానికి ఈ సబ్జెక్ట్ అంటే నాకు మొదటినుంచీ ఇష్టం. మిగిలిన మూడు వారాలు ఎలా వాడుకోవాలి? ఈ బ్రాంచ్ మీద ఆశ పెట్టుకోవచ్చా?
– ఒక వైద్య విద్యార్థిని

సమాధానం:

నీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. నా దగ్గర చదువుకునే పిల్లల ఈడే నీది కాబట్టి నువ్వు అనే పిలుస్తాను. ఈ సబ్జెక్ట్ అంటే మొదటినుంచీ ఇష్టం అన్న మాట చివర్లో, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు రాశావు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆ మాటే. మిగతా ఇబ్బందులు ఈ మూడు వారాల్లో చాలావరకు సర్దుకునేవే.

కళ్ళు తిరిగిన సంగతి ముందు తేల్చేద్దాం. అది చాలామంది సర్జన్లకి చదువుకునే రోజుల్లో జరిగిందే, నాకూ జరిగింది. ఖాళీ కడుపుతో, ముఖానికి మాస్కుతో, కదలకుండా గంటసేపు నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగిపోతుంది. దానికి ఆ చప్పుడు, ఆ వాసన తోడైతే ఎవరికైనా చూపు మసకబారుతుంది. ఏదైనా తిని, నీళ్ళు తాగి వెళ్ళు. మోకాళ్ళు బిగబట్టి నిలబడకు, మడమలు అప్పుడప్పుడూ ఎత్తి దించుతూ పిక్కల్ని కదిలిస్తూ ఉండు. చెవుల్లో హోరు మొదలవగానే కళ్ళు తిరుగుతున్నాయని పైకి చెప్పి, టేబుల్‌కి దూరంగా జరిగి, గోడకి ఆనుకుని నేలమీద కూర్చో. ఎవరూ తప్పు పట్టరు. నువ్వు బయటికి వచ్చేయడం సరైన పనే. మొహమాటపడి అక్కడే ఉండి పడిపోయేవాళ్ళకే తలకి దెబ్బలు తగులుతాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. వారమంతా ఓటీలో వీపులు చూస్తూ గడిపావు. ఆర్థో అంటే ఆపరేషనే, ఓటీలో ఉంటేనే నేర్చుకున్నట్టు అని చాలామంది అనుకుంటారు. ఇన్నేళ్ళు విద్యార్థుల్ని చూశాక నా అభిప్రాయం వేరు. ప్లేటు ఎలా వేస్తారు, తొడ ఎముకలో రాడ్ ఎలా దింపుతారు అన్నది నేర్చుకోవడానికి తర్వాత ఏళ్ళకేళ్ళు ఉంటాయి. నువ్వు పిల్లల డాక్టరువో, ఫిజీషియన్‌వో అయితే ఆ అవసరమే రాదు. కానీ ఏ బ్రాంచ్‌లో స్థిరపడినా, ఏదో ఒక రాత్రి చెయ్యి వాచిపోయిన మనిషి నీ ముందు కూర్చుంటాడు. ఆ చేతిని ఎలా చూడాలి, ఎప్పుడు సీనియర్‌ని నిద్ర లేపాలి, ఏది పొద్దున దాకా ఆగుతుంది అన్నది అప్పుడు నీకు తెలిసి ఉండాలి. దాన్ని నేర్పేవి క్యాజువాలిటీ, ప్లాస్టర్ రూమ్, వార్డు. అందుకే ఈ మూడు వారాల్లో ఎక్కువ సమయం అక్కడ గడపమంటాను.

మణికట్టు దగ్గర రేడియస్ అనే ముంజేతి ఎముక విరిగే కోలిస్ ఫ్రాక్చర్ పేరు ఈపాటికి చాలాసార్లు వినుంటావు. అబ్రహాం కోలిస్ అనే ఐరిష్ సర్జన్ దాన్ని వర్ణించింది 1814లో. రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టింది 1895లో. మధ్యలో 81 ఏళ్ళు! అంతకుముందు ఆ దెబ్బ చూసి మణికట్టు కీలు తప్పిందని పొరబడేవారు. కోలిస్ చేతిని పట్టుకుని లాగి చూశాడు, వంకర పోయింది. వదిలాడు, మళ్ళీ వచ్చింది. కీలు తప్పితే ఒకసారి సరిగ్గా కూర్చున్నాక నిలబడాలి కదా, ఇది నిలబడట్లేదంటే విరిగింది ఎముకే, కీలుకి కాస్త పైన విరిగింది అని తేల్చాడు. ఫిల్మ్ లేదు, స్క్రీన్ లేదు. రెండు చేతులు, కాస్త ఓపిక. మన విద్యార్థులు ఈ రోజు క్యాజువాలిటీలోకి రాగానే మొదట వెతికేది ఎక్స్‌రేని. పేషెంట్ పక్కనే కూర్చుని ఉన్నా అతని చేతివైపు చూపు పోదు. నువ్వు మార్చుకోవాల్సిన అలవాటు ఇదొక్కటే అనుకో, మిగతావి దాని వెంట వస్తాయి.

చూడటం, తాకడం, కదిలించడం అనే వరుస నీకు చెప్పే ఉంటారు. బ్రిటిష్ సర్జన్ అలన్ ఆప్లీ తరతరాల విద్యార్థులకి అలవాటు చేసిన వరుస అది. పుస్తకంలో ఒక్క ముక్కలో అయిపోతుంది, చేతుల్లోకి రావడానికి మాత్రం టైమ్ పడుతుంది. రెండు చేతుల మీదా బట్ట పూర్తిగా పైకి లాగు, పక్కపక్కనే పెట్టమను. బాగున్న చేతిని ముందు తాకు. అలా చేస్తే నీ చెయ్యి ఎంత మెత్తగా తగులుతుందో పేషెంట్‌కి తెలుస్తుంది, సగం భయం పోతుంది. తర్వాత నొప్పి ఉన్నచోటికి దూరంగా మొదలుపెట్టి, ఒక్క వేలితో మెల్లగా దగ్గరికి రా. తాకేటప్పుడు నీ కళ్ళు పేషెంట్ ముఖం మీద ఉండాలి, చేతిమీద కాదు. ఎక్కడ కనుబొమ్మలు ముడిపడ్డాయో అక్కడ ఆగు. ఆ కింద ఉన్న ఎముక పేరు నీకు తెలియాలి. విరిగిన చోట ఎముకలు రాసుకునే శబ్దం వస్తుందేమోనని కదిపి చూడటం మాత్రం ఎప్పుడూ చేయకు. ఆ నొప్పికి ప్రయోజనం లేదు.

ఇంతటితో పరీక్ష అయిపోయినట్టు కాదు. విరిగిన చోటికి కింద రక్తం అందుతోందా, నరాలు పనిచేస్తున్నాయా చూడాలి. చూసి రాయాలి, టైముతో సహా రాయాలి. మోచేతి పైన ఎముక విరిగి వచ్చిన ఐదేళ్ళ పిల్లవాడిని తీసుకో. వాడికి నరాల పేర్లు చెప్తే ఏడుస్తాడు. రాయి, కాగితం, కత్తెర ఆట ఆడదామను. పిడికిలి బిగిస్తే మీడియన్ నరం పనిచేస్తున్నట్టు. అరచెయ్యి వెడల్పుగా తెరిచి వేళ్ళు, మణికట్టు వెనక్కి లేపితే రేడియల్. కత్తెరలా వేళ్ళు విడదీస్తే అల్నార్. చివరికి బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నా చుట్టమను. ఆ సున్నా గుండ్రంగా రాకుండా వేళ్ళు చదునుగా ఆనుకుపోతే యాంటీరియర్ ఇంటరాసియస్ నరం దెబ్బతిన్నట్టు. పిల్లల్లో మోచేతి పైన ఇలా విరిగే సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్‌లో తరచుగా దెబ్బతినే నరం అది. దానికి చర్మం మీద స్పర్శ ఇచ్చే భాగం లేదు, కాబట్టి తిమ్మిరి ఉందా అని ఎంత అడిగినా దొరకదు. ఆ సున్నా చుట్టించినవాళ్ళకే దొరుకుతుంది. ఆపరేషన్‌కి ముందు ఎవరూ చూడకపోతే, తర్వాత బయటపడిన బలహీనత దెబ్బ వల్ల వచ్చిందా ఆపరేషన్ వల్ల వచ్చిందా అని తేల్చలేక అందరూ తల పట్టుకుంటారు. విద్యార్థిగా నువ్వు రాసిన రెండు వాక్యాల నోటు అక్కడ ఎంత విలువైందో ఊహించుకో.

ఏ దెబ్బకి ఏ నరం దెబ్బతింటుందో చెప్పే ఇలాంటి జోడీలు ఇంకొన్ని ఉన్నాయి: భుజం ముందుకి జారితే యాక్సిలరీ నరం, భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక మధ్యలో విరిగితే రేడియల్ నరం, మోకాలి కింద బయటివైపు ఫిబ్యులా మెడ దగ్గర దెబ్బ తగిలితే పాదం పైకి లేపే నరం, తుంటి వెనక్కి జారితే సయాటిక్. బట్టీ పట్టకుండా కేసు చూసినప్పుడల్లా ఒక్కొక్కటి పేషెంట్ మీదే చూసుకో.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తాను. ఇన్నేళ్ళైనా మనసులోంచి పోలేదు. నేను నీలాగే పోస్టింగ్‌లో ఉన్నప్పుడు, మోకాలి కింది ఎముక విరిగిన ఒక కుర్రాడికి కట్టు వేసి వార్డులో పడుకోబెట్టారు. ఆ రాత్రి అతను మూడుసార్లు నొప్పి ఇంజక్షన్ అడిగాడు. నేను వెళ్ళి చూశాను. వేళ్ళు ఎర్రగా, వెచ్చగా ఉన్నాయి. పాదం మీద నాడి అందింది. అంతా బాగానే ఉందని రాసేసి, ఇతను నొప్పి ఓర్చుకోలేని మనిషి అనుకుని వెళ్ళిపోయాను. తెల్లవారుజామున రౌండ్‌కి వచ్చిన సీనియర్ అతని కాలి బొటనవేలిని మెల్లగా కిందికి వంచారు. అంతే, ఆ కుర్రాడు మంచం మీద ఎగిరిపడ్డాడు. సీనియర్ ఇంకో ప్రశ్న అడగలేదు. కట్టు, లోపలి దూది చర్మం కనిపించేదాకా చీల్చి, నేరుగా ఓటీకి తీసుకెళ్ళారు. కాలు దక్కింది. పాదం పైకి లేపే బలం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

ఆ కుర్రాడికి వచ్చింది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్, అంటే కండరాల గదిలో ఒత్తిడి పెరిగి రక్తం అందకపోవడం. దాని గురించి అప్పటికే చదివాను, పరీక్షలో రాశాను కూడా. నాడి అందుతోంది కదా అన్న ధీమా నన్ను ముంచింది. కండరాల గదిలో ఒత్తిడి పెరిగినప్పుడు ముందు నలిగేవి సన్నటి కేశనాళికలు. పెద్ద ధమనిలో ఒత్తిడి దానికన్నా చాలా ఎక్కువ, అందుకే కండరం చచ్చిపోతున్నా నాడి కొట్టుకుంటూనే ఉంటుంది. నాడి పోయేదాకా, కాలు పాలిపోయేదాకా చూస్తే ఆలస్యమైపోయినట్టే. మొదట మాట్లాడేది నొప్పి. దెబ్బకి తగినదానికన్నా ఎక్కువ నొప్పి, మందులకి లొంగని నొప్పి, వేలు వంచితే ప్రాణం పోయే నొప్పి. అనుమానం వస్తే ఒత్తిడి కొలవొచ్చు. బీపీలో కింది అంకెకి, కండరంలో ఒత్తిడికి తేడా 30 మి.మీ.కి లోపు వస్తే ప్రమాదం. కానీ కొలిచే పరికరం కోసం పరుగెత్తే ముందు కట్టు విప్పాలి, కాలిని గుండె ఎత్తులో ఉంచాలి, సీనియర్‌ని పిలవాలి. వార్డులో ఎవరైనా పదేపదే నొప్పి అంటుంటే వెళ్ళి ఆ వేలు వంచి చూడు. పది మందిలో తొమ్మిది మందికి ఏమీ ఉండకపోవచ్చు. పదో మనిషి కోసమే వెళ్ళాలి. ఆ రాత్రి నేను లేపలేదు కాబట్టి చెప్తున్నాను, సీనియర్‌ని లేపడానికి మొహమాటపడకు.

ఎక్స్‌రే చేతికిచ్చినప్పుడు నోరు పెగలకపోవడానికి కారణం ఉంది. సార్ అడిగింది జబ్బు పేరని నువ్వు అనుకున్నావు. ఆయన అడిగింది వర్ణన. ఫోనులో అవతలివాళ్ళు ఫిల్మ్ చూడకుండానే బొమ్మ గీయగలిగేలా చెప్పాలి. ఎవరిది, ఎప్పటిది, ఏ వైపుది అన్నది మొదట. తర్వాత ఏ ఎముక, అందులో ఏ భాగం, గీత అడ్డంగా ఉందా ఏటవాలుగా ఉందా మెలికలా చుట్టిందా, ఎన్ని ముక్కలు, గీత కీలులోకి వెళ్ళిందా, కింది ముక్క ఎటు జరిగింది, ఎటు వాలింది. ఎప్పుడూ పై ముక్క స్థిరంగా ఉందనుకుని కింది ముక్క గురించే చెప్తాం. ఇలా ఉంటుంది: "ఎడమ మణికట్టు, రెండు వ్యూలు. రేడియస్ కింది చివర అడ్డంగా విరిగింది. కింది ముక్క వెనక్కి వాలింది, కాస్త పొట్టి అయింది. గీత కీలులోకి వెళ్ళినట్టు లేదు." నాలుగు ముక్కలే. ఇందులో కోలిస్ పేరు లేదు, అయినా ఏ సార్ అయినా తల ఊపుతారు. గీత ఆకారం దెబ్బ ఎలా తగిలిందో కూడా చెప్తుంది. మెలి తిరిగితే మెలిక గీత, అడ్డంగా దెబ్బ తగిలితే అడ్డగీత, బలమైన దెబ్బకి ముక్కలు ముక్కలు. పేషెంట్ చెప్పిన కథకి, గీతకి పొంతన కుదరకపోతే మళ్ళీ అడగాలి. ముఖ్యంగా చిన్నపిల్లల విషయంలో, ఎవరైనా కొట్టారేమోనన్న ఆలోచన అక్కడే రావాలి.

ఒక్క వ్యూ, అంటే ఒక్క వైపునుంచి తీసిన ఫిల్మ్, చూసి ఎప్పుడూ ఏమీ చెప్పకు. భుజం వెనక్కి జారినప్పుడు ఎదురుగా తీసిన ఫిల్మ్ దాదాపు మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది. ఫిట్స్ వచ్చి, లేదా కరెంట్ షాక్ కొట్టి భుజం నొప్పితో వచ్చినవాళ్ళు చెయ్యి బయటికి తిప్పలేకపోతుంటే పక్క వ్యూ అడగాలి. అలాగే విరిగిన ఎముకకి పైన ఒక కీలు, కింద ఒక కీలు ఫిల్మ్‌లో ఉండాలి. బొటనవేలి మొదట్లో గుంటలో నొక్కితే నొప్పి ఉండి, ఎక్స్‌రే బాగానే ఉంటే స్కాఫాయిడ్ అనే మణికట్టు ఎముక విరగలేదని అనుకోవద్దు. కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల్లో మళ్ళీ చూడాలి. ఇక్కడ కూడా చూశావా, ఫిల్మ్ ఏమీ లేదన్నా నమ్మాల్సింది వేలికి తగిలిన నొప్పినే.

ప్లాస్టర్ రూమ్‌కి వెళ్ళావో లేదో రాయలేదు. వెళ్ళకపోతే రేపే వెళ్ళు. అక్కడ రోజంతా కట్లు వేసే టెక్నీషియన్ ఉంటారు. విద్యార్థులు ఆయన్ని గురువుగా చూడరు, అది మన నష్టం. ఆంటోనియస్ మాథైసెన్ అనే డచ్ సైనిక వైద్యుడు 1850ల మొదట్లో బట్టకి ప్లాస్టర్ పొడి అద్ది తడిపే పద్ధతి తెచ్చిన దగ్గర్నుంచీ ఈ పని చేతినుంచి చేతికే అందుతోంది. ఆ టెక్నీషియన్ చేతులు చూడు. దూదిపట్టీ ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పుతుంది, ఎముక పొడుచుకొచ్చిన చోట ఇంకో పొర పడుతుంది. స్లాబ్‌కి, అంటే ఒకవైపే ఆనించే ప్లాస్టర్ పట్టీకి, చేతికైతే 8 నుంచి 10 పొరలు, పెద్దవాళ్ళ కాలికి 12 నుంచి 15. నీళ్ళలో ముంచి, బుడగలు ఆగాక తీసి, మెల్లగా పిండుతారు. నీళ్ళు గోరువెచ్చన దాటకూడదు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది, వేడినీళ్ళు తోడైతే చర్మం కాలుతుంది. పెట్టాక సర్దేది అరచేత్తోనే, వేళ్ళ కొసలతో కాదు. వేలు నొక్కినచోట లోపలికి గుంట పడి, గట్టిపడ్డాక అదే చర్మాన్ని ఒత్తి పుండు చేస్తుంది.

నేను మొదటిసారి స్లాబ్ వేసినప్పుడు, అది గట్టిపడేదాకా మణికట్టుని సరైన వాలులో పట్టుకోమన్నారు. చల్లగా జారుతున్న సుద్ద నా అరచేతుల మధ్య మెల్లగా వెచ్చబడి, ఉన్నట్టుండి రాయిలా బిగుసుకుంది. కదిలితే పాడైపోతుందని ఊపిరి కూడా బిగబట్టాను. ఆ వెచ్చదనం గురించి పేషెంట్‌కి ముందే చెప్పు, లేకపోతే కాలిపోతోందని భయపడతారు. ముందు తోటి విద్యార్థి చేతికి వేసి, నీ చేతికి వేయించుకో. ఒక గంట ఉంచుకుంటే వేళ్ళ దగ్గర ఎక్కడ ఒరుసుకుంటుందో, దురద ఎలా ఉంటుందో నీకే తెలుస్తుంది. కట్టుతో వెళ్ళిపోయే మనిషికి చెప్పాల్సిన మాటలు అప్పుడు వాటంతట అవే వస్తాయి: చెయ్యి ఎత్తులో పెట్టుకోవాలి, వేళ్ళు ఆడిస్తూ ఉండాలి, నొప్పి పెరిగినా వేళ్ళు తిమ్మిరెక్కినా రంగు మారినా ఆ క్షణమే తిరిగి రావాలి.

వార్డులో అందరినీ చూడాలని ప్రయత్నించకు. ఒక్క పేషెంట్‌ని పట్టుకో. తుంటి దగ్గర ఎముక విరిగి వచ్చిన పెద్దావిడ అయితే మరీ మంచిది. కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగి పడుకుని ఉంటుంది. ఆమె ఎందుకు పడిపోయింది? కాలు జారిందా, కళ్ళు తిరిగాయా, గుండె లయ తప్పిందా? ఆపరేషన్ ఎందుకు తొందరగా, వీలైతే రెండు రోజుల లోపే చేయాలంటారు? మంచం మీద ఒక్కో రోజు గడిచేకొద్దీ ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, కాలి సిరల్లో గడ్డలు, వీపు మీద పుండ్లు దగ్గరవుతాయి కాబట్టి. ఆమెతో పాటు ఓటీకి వెళ్ళు, మర్నాడు ఫిజియోథెరపిస్ట్ నిలబెట్టేటప్పుడు పక్కన ఉండు, డిశ్చార్జ్ కాగితం నువ్వే రాసి సీనియర్‌తో దిద్దించుకో. తెలియని ముఖాల మధ్య నాలుగు వారాలు తిరిగినదానికన్నా ఎక్కువ నేర్చుకుంటావు.

పిల్లల వార్డులో ఒక్క సంగతి తప్పకుండా గుర్తుపెట్టుకో. మోకాలు నొప్పి అని కుంటుతూ వచ్చిన పిల్లలకి తుంటి కూడా చూడాలి. నొప్పి మోకాల్లో చెప్పినా జబ్బు తుంటిలో ఉండొచ్చు. ఎదిగే వయసులో తొడ ఎముక తల జారిపోవడం ఇలాగే దొరక్కుండా పోతుంది. జ్వరంతో, కాలు కింద పెట్టనివ్వకుండా ఏడ్చే బిడ్డ కీలులో చీము ఉందేమో అదే రోజు తేల్చాలి, మర్నాటికి వదలకూడదు.

ఓటీకి అసలు వెళ్ళొద్దని కాదు. నీకు తెలిసిన పేషెంట్ ఉన్న రోజు వెళ్ళు. ముందురోజు లిస్ట్ చూసి, ఆ కేసులో కోత ఎక్కడ పెడతారు, దారిలో ఏ నరం ఉంది అన్నంతవరకే చదువుకో. లోపలికి వెళ్ళగానే సిస్టర్‌కి నీ పేరు చెప్పి, కనిపించడం లేదు, ఎక్కి నిలబడే స్టూల్ కావాలని అడుగు. ప్రతి ఓటీలో ఉంటుంది, నాకూ ఇప్పటికీ కావాలి. ఆపరేషన్ మొదలయ్యే ముందు పేషెంట్ పేరు, ఏ వైపు, ఏ ఆపరేషన్ అని పైకి చదువుతారు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన చెక్‌లిస్ట్ అది. కుడి ఎడమలు తారుమారయ్యే ప్రమాదం ఎక్కువగా ఉండే బ్రాంచ్‌లలో మనది ఒకటి, కాబట్టి ఆ నిమిషం చెవులు రిక్కించి విను, తేడా అనిపిస్తే విద్యార్థివైనా నోరు తెరువు. ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపే సీ-ఆర్మ్ యంత్రం వాడుతుంటే లెడ్ ఏప్రన్, మెడకి థైరాయిడ్ షీల్డ్ లేకుండా నిలబడకు. నీ సైజుకి సరిపోయేది వెతుక్కో, వదులుగా ఉంటే చంక దగ్గర ఖాళీ మిగిలిపోతుంది. దూరం రెండింతలైతే రేడియేషన్ నాలుగో వంతుకి తగ్గుతుంది, రెండడుగులు వెనక్కి వేసినా లాభమే. ప్రశ్నలు కుట్లు వేసేటప్పుడు అడుగు. డ్రిల్ తిరుగుతున్నప్పుడు ఎవరికీ జవాబు చెప్పే తీరిక ఉండదు.

క్లాసిఫికేషన్ల టెన్షన్ వదిలెయ్. చికిత్సని మార్చేవి రెండు మూడు చాలు. చర్మం చిరిగిన ఫ్రాక్చర్లకి 1976 నాటి గస్టిలో-ఆండర్సన్, పిల్లల్లో ఎదుగుదల పొర దెబ్బలకి సాల్టర్-హారిస్, తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగితే గార్డెన్. వాటిని కూడా ఎందుకు అనే ప్రశ్నతో చదువు. బయటికి ఒక సెంటీమీటరు గాయమే కనిపించినా లోపల కండరం నలిగి ఉండొచ్చు, అందుకే గస్టిలో గ్రేడు ఓటీలో గాయం శుభ్రం చేశాకే ఖాయం చేస్తారు. అలాంటి ఫ్రాక్చర్ క్యాజువాలిటీకి రాగానే గ్రేడు గురించి వాదించుకోవడం కన్నా యాంటీబయాటిక్ వెంటనే పడిందా, టెటనస్ సంగతి చూశారా అన్నది ముఖ్యం. అది నువ్వు గుర్తుచేయగలవు.

ఇక కండబలం మాట. సుత్తి చూసి అలా అనుకుంటారు. జారిన భుజాన్ని కూర్చోబెట్టడం చూడు. బలంగా లాగేకొద్దీ కండరాలు ఎదురు తిరిగి బిగుసుకుంటాయి. నొప్పి తగ్గించి, పేషెంట్‌తో మాట్లాడుతూ, నెమ్మదిగా ఒకే తీరున లాగి ఉంచితే కండరం అలసి వదులుతుంది, ఎముక తల టక్కున గూటిలోకి వెళ్తుంది. బలశాలి తొందరపడి ఎముక విరగ్గొట్టే అవకాశమే ఎక్కువ. పెద్ద కాలు ఎత్తాలంటే టేబుల్ ఎత్తు తగ్గించుకోవడం, ఒంటి బరువుని వాడుకోవడం, ఇంకొకరి సాయం అడగడం, ఇవన్నీ నేర్చుకునే పనులు. రూత్ జాక్సన్ 1937లోనే అమెరికా ఆర్థోపెడిక్ సర్జన్ల అకాడమీలో మొదటి మహిళా సభ్యురాలైంది. మనిషి నడకని కండరం కండరంగా విడదీసి అర్థం చేసుకోవడంలో లోకానికి దారి చూపిన జాక్వెలిన్ పెర్రీ కూడా ఆర్థోపెడిక్ సర్జనే. ఇప్పటికీ ఈ బ్రాంచ్‌లో ఆడవాళ్ళు తక్కువే, అది నిజం. నీకు ఎదురయ్యే మాటలు ఒక్కరోజులో ఆగవు. వాటికి జవాబు చెప్తూ కూర్చోకు, కానీ ఎవరైనా నిన్ను కేసు దగ్గరికే రానివ్వకపోతే మాత్రం నోరు మూసుకోకు. యూనిట్ పెద్దకి వెళ్ళి చెప్పు.

ఆశ పెట్టుకోవచ్చా అని అడిగావు. పెట్టుకో. ఈ వారంలోనే మీ సార్ దగ్గరికి వెళ్ళి, ఈ సబ్జెక్ట్ అంటే ఇష్టమని, నైట్ డ్యూటీలో క్యాజువాలిటీలో ఉండనివ్వమని అడుగు. ఇష్టం ఉందని తెలిసిన విద్యార్థికి చెప్పడానికి చాలామంది టీచర్లు వేచి చూస్తుంటారు. మాకు ఎవరు ఇష్టంతో నిలబడ్డారో, ఎవరు అటెండెన్స్ కోసం నిలబడ్డారో వెనక వరసలో ముఖాలు చూస్తే తెలియదు. ఆ రాత్రికి జేబులో ఒక చిన్న పుస్తకం, పెన్ను పెట్టుకో. మొదటి పేషెంట్ రాగానే ఎక్స్‌రే కవరు తీసి బల్లమీద బోర్లా పెట్టు. స్టూల్ లాక్కుని అతని ఎదురుగా కూర్చుని, ఎలా పడ్డారు అని అడుగుతూ బాగున్న చెయ్యి నీ చేతిలోకి తీసుకో.